అమ్మవారి దొప్ప

ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల చేత చేతులు పైకెత్తించి, కిందికి దింపించి, పక్కలకి చాపించిన డ్రిల్లు టీచర్ని నేను. అలాంటి నాకే పోయిన మాఘమాసంలో ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోలేను, జాకెట్టు తొడుక్కోలేను, పైఅరలో డబ్బా అందుకోలేను. శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టయింది నా సంగతి. మా అమ్మాయి పోరు పడలేక శ్రీకాకుళంలో ఒక ఫిజియోథెరపీ పిల్ల దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళుండవు, నవ్వుమొహం. కిటికీ ఊచకి ఒక రబ్బరు పట్టీ కట్టి, రెండో కొస నా చేతికిచ్చింది. "అమ్మా, దీన్ని పట్టుకుని చెయ్యి మెల్లగా వెనక్కి లాగండి. కుదుపు ఉండకూడదు. భుజం ఎత్తు దాకా వచ్చాక ఒక్క క్షణం ఆపి, మళ్ళీ మెల్లగా ముందుకి వదలండి" అంది. లాగాను. ప్రాణం పోయినంత నొప్పి. అయినా చెయ్యి మాత్రం తనకి తెలిసిన దారిలో పోతున్నట్టే పోయింది. నాలుగోసారికి ఆ పిల్ల వింతగా చూసింది. "ఇంత నున్నగా ఎవరూ లాగలేదమ్మా, ముందెక్కడైనా చేశారా?" అని అడిగింది. "చేశాను తల్లీ, ఏకు పట్టుకుని" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇంటికొచ్చాక మనవరాలికి చెప్తే దానికీ అర్థం కాలేదు. అందుకని రాయడానికి కూర్చున్నాను. కుడిచెయ్యి బాగానే ఉంది కదా.

ఏకు అంటే శుభ్రం చేసిన పత్తిని వేలెడు పొడుగున మెత్తగా చుట్టిన చుట్ట. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకుని పట్టుకుని వెనక్కి లాగితే దానిలోంచి పోగు సాగుతుంది. చెయ్యి భుజం దాటి వెనక్కి వెళ్ళాలి, అక్కడ రవ్వంత ఆగాలి, మళ్ళీ ముందుకి వచ్చి ఆ పోగుని రాట్నం కొసన తిరిగే ఇనప పుల్లకి, అంటే కదురుకి, చుట్టాలి. కుదుపు వస్తే పోగు తెగుతుంది, తొందరపడితే ముడి పడుతుంది. మాది పొందూరుకి కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఊరు. మా అయ్య మగ్గం నేసేవాడు. ఆయన మగ్గానికి నూలు మా మామ్మ వడికేది. అంటే అయ్యని కన్న తల్లి. ఆవిడ నూలు ఎంత సన్నమంటే, వెలుతురుకి ఎదురుగా పెడితే కనబడేది, పక్కకి తిప్పితే మాయమయ్యేది. ఊళ్ళో ఇంకెవరి నూలూ అయ్య మగ్గానికి సరిపడేది కాదు. ఆ సంగతి అయ్యకి తెలుసు, మామ్మకి ఇంకా బాగా తెలుసు.

తెల్లారకముందే మామ్మ లేచి, వాకిలి ఊడ్చి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, గోడకి జారబడి అడ్డపొగ పెట్టేది. మా వైపు ఆడవాళ్ళకి ఇది మామూలే. చుట్టని తిరగేసి, మండే కొస నోట్లో పెట్టుకుని పొగ తాగుతారు. "నోరు కాలదా మామ్మా?" అని అడిగితే, "నిప్పు నోట్లో ఉంటే పత్తి మీద పడదు గదే" అనేది. చుట్ట అయిపోయాక పత్తి ముందేసుకునేది. మా పొందూరు పత్తిని ఇనుప పళ్ళతో దువ్వరు, వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎండిన ఆ దవడకి సూదుల్లాంటి చిన్న చిన్న పళ్ళుంటాయి. ఒక్కొక్క గింజనీ చేతిలోకి తీసుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని ఆ పళ్ళతో పిల్లజుట్టు దువ్వినట్టు దువ్వాలి. ఆరేళ్ళ వయసునుంచీ అది నా పని. దాంతోబాటే మామ్మ రాట్నం దగ్గర కూర్చోబెట్టి వడకడం కూడా నేర్పింది. దువ్వి, ఏకి, ఏకులు చుట్టాక వాటిని ఎండిన అరటి దొప్పల్లో పెట్టి దాచేవాళ్ళం. మా ఇంట్లో ఎప్పుడూ మగ్గానికి పెట్టే గంజి వాసన, ఎండుచేప వాసన, చుట్ట వాసన కలిసి ఉండేవి. ఇప్పుడు ఆ మూడూ వేరు వేరుగా ఎక్కడ తగిలినా నాకు మా ఇల్లు సగం సగమే గుర్తొస్తుంది.

ఏటా ఊరి అమ్మవారికి ఒక బట్ట మా ఇంటినుంచి వెళ్ళేది. తాతల నాటి మొక్కు. ఆ బట్టకి పత్తి దువ్వడం దగ్గరనుంచి నేత దాకా అంతా మడిగా జరగాలి. ఇంట్లో ఆడవాళ్ళు బయట చేరిన రోజుల్లో ఆ పత్తి ఏకులు దాచిన దొప్పకి ఆమడ దూరంలో ఉండాలి. ముట్టుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని, ఆ కోపం ఊళ్ళో పిల్లల ఒంటిమీద పొక్కుల్లా పైకి వస్తుందని మాకు ఊహ తెలిసినప్పటినుంచీ చెప్పారు. నేను చెప్పబోయే యేడు పత్తి పంట పాడైంది. ఖాదీ భండారు వాళ్ళు ఇంటికిచ్చే పత్తి కూడా రావడం ఆలస్యమైంది. మామ్మ అమ్మవారి దొప్పని కోడి పిల్లల్ని కాసినట్టు కాస్తుండేది.

నా పేరు అప్పలకొండ. పేరుకి తగ్గట్టే పన్నెండు దాటగానే కొండలా ఎదగడం మొదలుపెట్టాను. లావు కాదు, పొడుగు. ఏడాదిలో పరికిణీలన్నీ పిక్కల పైకి ఎక్కిపోయాయి. బడిలో ఆడపిల్లల వరసలో నేనొక్కదాన్నే తాటిచెట్టులా పైకి కనిపించేదాన్ని. "కొంగ, కొంగ" అనేవారు. దాంతో మెడ వంచి, భుజాలు ముందుకి లాక్కుని, రొమ్ము లోపలికి ముడుచుకుని నడవడం నేర్చుకున్నాను. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మాట్లాడితే పైకి చూస్తారు కదా. తొమ్మిదో తరగతికొచ్చేసరికి నాకు స్నేహితురాలంటూ ఒక్కరూ లేరు. ఇంట్లో నాకు తోడు మా అక్క పార్వతి ఉండేది. నాకన్నా చురుకైంది. లెక్కల్లో అయ్యవార్లనే తికమక పెట్టేది. ఎనిమిదిలో ఉండగా సమర్తాడింది, అంటే పెద్దమనిషైంది. తాటాకు చాప మీద కూర్చోబెట్టారు, నువ్వుల చిమ్మిలి తినిపించారు, పాటలు పాడారు, స్నానం చేయించారు. ఆ తర్వాత బడి మానిపించేశారు. ఎవరూ గొడవ పడలేదు, ఎవరూ ఏడవలేదు. వానాకాలం వస్తే గొడుగు తీసినంత మామూలుగా జరిగిపోయింది. రెండేళ్ళకి నౌపడ సంబంధం వస్తే పెళ్ళి చేసి పంపేశారు. అక్క లెక్కల పుస్తకం అట్టలు చింపి అమ్మ గంజి కుండ మీద మూతగా పెట్టేది.

మా బడికి కొత్తగా రూతమ్మ టీచరు వచ్చింది. క్రైస్తవుల ఆవిడ, తెల్ల చీర, మెడలో విజిలు. ఆడపిల్లలకి డ్రిల్లు అంటే అప్పటిదాకా చింతచెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే. ఆవిడ వచ్చిన మర్నాడే మమ్మల్ని బడి చుట్టూ మూడుసార్లు పరిగెత్తించింది. ఓణీలు బిగించి నడుముకి కట్టుకోమంది. ఒంటికాలి మీద నిలబెట్టి వంద లెక్కపెట్టించింది. మొదటి వారం ఊళ్ళో సగం ఇళ్ళలో ఆడపిల్లలు మెట్లు దిగలేక మూలిగారు. మూడో వారానికి మాకే తెలియకుండా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాం. నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "ఎందుకమ్మా అలా వంగిపోతన్నావు? దేవుడు అంత ఎత్తు ఇచ్చింది దాచుకోడానికా? నిటారుగా నిలబడు." నిలబడ్డాను. కళ్ళు తిరిగినట్టయింది. అంత పైనుంచి నేను బడిని ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ తెచ్చిన ఆటల్లో రింగు ఆట ఒకటి. మధ్యలో వల కడతారు. దాదాపు జానెడు వెడల్పు రబ్బరు రింగుని వల మీదుగా విసురుతుంటే అవతలివాళ్ళు ఒక్క చేత్తో పట్టుకుని, అదే చేత్తో వెంటనే విసరాలి. రెండో చెయ్యి తగలకూడదు, రింగు గాలిలో గిలగిల్లాడకూడదు. అందరూ కుడిచేత్తో ఆడేవారు. నా వైపు రింగు వచ్చిన మొదటిసారి నా పుర్రచెయ్యి తనంతట తను ముందుకెళ్ళి, రింగుని పట్టి, వెనక్కి లాక్కుని, భుజం దగ్గర రవ్వంత ఆగి, వదిలింది. రింగు నీళ్ళమీద తేలినట్టు వెళ్ళింది. రూతమ్మ టీచరు విజిలు నోట్లోనే ఉండిపోయింది. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. నాకేం తెలుసు! రాట్నం దగ్గర ఎనిమిదేళ్ళు తిట్లు తిన్న చెయ్యి అది. పోగు ఎప్పుడూ తెగ్గొడుతున్నానని మామ్మ నన్ను తిట్టని రోజు లేదు.

జతగా ఆడడానికి నాకు సావిత్రిని ఇచ్చారు. రైల్వే ఉద్యోగి కూతురు, పొట్టి, గలగలా మాట్లాడేది. జంట ఆటలో రింగు ఇద్దరి మధ్యకి వచ్చినప్పుడు ఎవరో ఒకరు "నాది!" అని అరవాలి. లేకపోతే ఇద్దరూ వదిలేస్తారు, లేదా తలలు ఢీకొంటాయి. మా ఇంట్లో ఆడపిల్ల గొంతు గుమ్మం దాటకూడదు. నా నోట్లోంచి ఆ మాట రావడానికి నెల పట్టింది. మొదట్లో నేను గొణిగేదాన్ని. సావిత్రి నడుమ్మీద చేతులు పెట్టుకుని, "ఏటే అది, దేవుడికి సెప్పుకుంతన్నావా? నాకు సెప్పు, గట్టిగా సెప్పు" అనేది. చివరికి ఒకరోజు అరిచాను. చింతచెట్టు మీది కాకులు లేచాయి. సావిత్రి పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. నాకు మొదటి స్నేహితురాలు అలా దొరికింది. అందరూ చెప్పుకునే చిన్ననాటి స్నేహాల్లో ముందు మాటలుంటాయి, తర్వాత ఆటలుంటాయి. మాది తిరగబడింది. ముందు చేతులు కలిశాయి, ఆ తర్వాతే మాటలు.

శ్రీకాకుళంలో బడుల మధ్య పోటీలు పెడుతున్నారని, మా జంట వెళ్ళాలని టీచరు మా ఇంటికొచ్చి అడిగింది. అయ్య కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, "మా యమ్మ తోడెల్తే పంపుతాను" అన్నాడు. మామ్మ రాదనే ఆయన ధీమా. మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "నాగావళి సూసి ఎన్నాళ్ళయినాదో. ఎల్తాను" అంది. ఆ ఆట ఏకై వచ్చి మేకై కూర్చుంది మా ఇంట్లో.

పోటీలు శనివారం. మంగళవారం మధ్యాహ్నం బడిలో నాకు కడుపులో నొప్పి మొదలైంది. ఏమైందో తెలియగానే నాకు ముందు గుర్తొచ్చింది గంజి కుండ మీది లెక్కల పుస్తకం అట్ట. చెప్పానంటే ఇంటికెళ్ళగానే తాటాకు చాప, చిమ్మిలి, పాటలు. ఇంక బడి లేదు, రింగు లేదు, "నాది" అని అరవడం లేదు. సావిత్రికి మాత్రం చెప్పాను. తను అప్పటికే పెద్దమనిషై ఏడాది దాటింది, వాళ్ళింట్లో బడి మానిపించలేదు. గుడ్డ ఎలా మడిచి కట్టుకోవాలో చూపించింది. "శనారం దాకా ఓపిక పట్టు. తరవాత సెప్పుకో" అంది. అలా దాచేశాను. ఊరి చివర పారే గెడ్డలో, ఎవరూ లేని వేళ చూసుకుని బట్టలు ఉతుక్కునేదాన్ని.

బడి సంగతి ఒకెత్తు, అమ్మవారి దొప్ప ఒకెత్తు. సాయంత్రం మామ్మ పత్తి ముందేసుకుని, "రాయే, నాలుగు గింజలు దువ్వు" అని పిలిచేది. చేప పళ్ళు వేలికి గుచ్చుకున్నాయని మంగళవారం తప్పించుకున్నాను. తల నొప్పని బుధవారం తప్పించుకున్నాను. దొప్ప నా దారికి అడ్డమొస్తే కట్టెపుల్లతో పక్కకి జరిపేదాన్ని. గురువారం ఇంకేం సాకు చెప్పాలా అనుకుంటూ బడినుంచి వచ్చేసరికి ఆకాశం నల్లబడి ఉంది. కార్తీకంలో మా తీరానికి తుపాను గాలులు మామూలే. మామ్మ పొరుగింటికెళ్ళింది. అమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా గంజిలో ఉన్నాయి. ఒక్కసారిగా జల్లు అందుకుంది. వాకిట్లో చాప మీద దొప్ప ఎండకి పెట్టి ఉంది. "కొండా! దొప్ప తియ్యే! అమ్మోరి పత్తి తడిసిపోతాది!" అని అమ్మ కేక పెట్టింది. ఆలోచించడానికి సమయం లేదు. పరిగెత్తుకెళ్ళి రెండు చేతులతో ఎత్తి, గుండెకి హత్తుకుని, ఇంట్లోకి తెచ్చేశాను. ఒక్క ఏకూ తడవలేదు. అమ్మ మెచ్చుకుంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు పక్కింటి నాలుగేళ్ళ పాపకి జ్వరం తగిలి ఒళ్ళంతా పేలింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. "తల్లి వొచ్చినాది" అనుకుంటున్నారు అందరూ. ఎవరి వల్ల వచ్చిందో ఆ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆ పాప రోజూ మా అరుగు మీదికొచ్చి నా జడ లాగేది. ఆ రాత్రి అన్నం సయించలేదు. చెప్పేస్తే బడి పోతుంది, చెప్పకపోతే పాప పోతుంది. పద్నాలుగేళ్ళ బుర్రకి అంతకన్నా ఏం తోస్తుంది? శనివారం ఆట అయిపోయాక చెప్పేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒక్క రోజూ పాపని కాపాడమని అమ్మవారికే మొక్కుకున్నాను. తప్పు చేసిన మనిషి ఎవరికి చేసిందో వాళ్ళనే గడువడిగినట్టుంది కదూ.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. మైదానం పక్కన వేపచెట్టు కింద మామ్మ కాళ్ళు చాపుకుని, అడ్డపొగ పెట్టుకుని కూర్చుంది. పట్నం పిల్లలు ఆవిడ నోట్లోంచి పొగ వస్తుంటే నిప్పు కనబడక నోరెళ్ళబెట్టి చూశారు. మొదటి ఆట గెలిచాం. ఎడమచేతి నుంచి వచ్చే రింగు ఎటు తిరుగుతుందో అవతలి పిల్లలకి అంతుపట్టలేదు. చివరాటలో మాకన్నా గట్టివాళ్ళు తగిలారు. అయినా పట్టు వదల్లేదు. ఒంట్లో నీరసం, పాప గురించిన భయం, అయినా వల ముందు నిలబడగానే నా వెన్ను తనంతట తను నిటారుగా లేచేది. "నాదీ!" అని నేనరిచిన అరుపులు మైదానం అవతల దాకా వినపడ్డాయట. రెండు పాయింట్లతో ఓడిపోయాం. రూతమ్మ టీచరు మాకు చెరొక నిమ్మకాయ సోడా ఇప్పించి, నా చెవిలో ఒక మాట చెప్పింది. నేను రింగు విసిరినప్పుడల్లా చెట్టు కింద మామ్మ ఎడమచెయ్యి కూడా వెనక్కి వెళ్ళిందట, ఉత్తి గాలిలో.

బస్సుకి ఇంకా సమయం ఉంటే అందరం నాగావళికి వెళ్ళాం, కాళ్ళూ మొహాలూ కడుక్కోడానికి. మామ్మ నన్ను పక్కకి లాక్కుని ఒక రాయి మీద కూర్చుంది. నేను ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆవిడే అంది.

"ఏటే, ఇంకా దాస్తావా?"

"ఏటి మామ్మా?"

"మంగళారం నుంచీ సూస్తన్నాను. దొప్ప కాడికి రమ్మంటే పాముని సూసినట్టు ఎనక్కెల్తన్నావు. పుల్లెట్టి జరుపుతన్నావు. సేప పళ్ళు గుచ్చుకున్నాయంటావు. ఆరేళ్ళప్పటినుంచీ గుచ్చుకోని పళ్ళు ఇప్పుడు గుచ్చుకున్నాయా? నాకు తెలీదనుకున్నావేటి?"

ఇంక ఆగలేదు. వాన సంగతి, దొప్ప సంగతి, పక్కింటి పాప సంగతి అన్నీ కలిపి ఏడుస్తూ చెప్పేశాను. అంతా అయ్యాక మామ్మ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

"పిచ్చిగుంటా, నువ్వెత్తింది అమ్మోరి దొప్ప కాదే. మంగళారం సాయంత్రం నీ వాలకం సూసినప్పుడే అమ్మోరి దొప్ప అటకెక్కించీసినాను. వాకిట్లో ఉన్నది భండారు పత్తి."

"ఒట్టా?"

"నా రాట్నం మీద ఒట్టు."

"మరి పాప?"

"ఊళ్ళో ముగ్గురు పిల్లలకి వొచ్చినాది. అందరిళ్ళలోనూ నువ్వెల్లి దొప్పలెత్తినావేటి? నాలుగు రోజులకి అదే తగ్గిపోద్ది."

నా జీవితంలో తర్వాత చాలా మంచి కబుర్లు విన్నాను. ఉద్యోగం వచ్చిందన్నారు, పిల్ల క్షేమంగా పుట్టిందన్నారు. ఏదీ ఆ రాయి మీద విన్నంత తేలిగ్గా లేదు. నాలుగు రోజులనుంచి నెత్తిమీద మోస్తున్న బండని ఎవరో దింపి పక్కన పెట్టినట్టుంది. వెంటనే ఆకలేసింది. సావిత్రి మూటలోని అటుకులు సగం నేనే తినేశాను. మామ్మ నన్ను చూసి నవ్వుకుంటూ, "ఇదిగో, శనారం ఆదోరం సమర్తాడితే మంచిది కాదు. మంగళారం అసలే పనికిరాదు. సోమారం పొద్దున్న నువ్వు పెద్దమనిషవుతావు. అందాకా నోరు మూసుకో" అంది.

అన్నట్టే సోమవారం పొద్దున్న పెద్దమనిషినయ్యాను. మామ్మ వీధిలోకి వెళ్ళి నలుగురికీ వినపడేలా కబురు చెప్పింది. అప్పటికి నా నొప్పీ, మిగతావీ ఎప్పుడో తగ్గిపోయాయి. ఉత్తినే తాటాకు చాప మీద కూర్చుని ఆరోగ్యంగా చిమ్మిలి ఉండలు తిన్నాను. పంతులుగారు వచ్చి నక్షత్రం చూసి, బ్రహ్మాండమైన ఘడియ అన్నారు. ఆ ఘడియ నా జాతకంలోకి ఎక్కింది. ఎనిమిదేళ్ళ తర్వాత దాన్ని చూపించే నా పెళ్ళి కుదిర్చారు. మా ఆయనతో నలభై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను, మంచి మనిషి. నక్షత్రాల లెక్క సంగతేమో గానీ, మామ్మ లెక్క తప్పలేదు.

అసలు భయం ఇంకా మిగిలే ఉంది. నీళ్ళు పోసిన మర్నాడు బడికి తయారవుతుంటే అయ్య, "ఇంక ఇసుకూలేటికి? పార్వతి మానీలేదా?" అన్నాడు. కోపంగా అనలేదు, గొడుగు తీసినంత మామూలుగా అన్నాడు. సంచి తిరిగి మేకుకి తగిలించాను. కానీ ఆ రోజు మామ్మ రాట్నం ముందు కూర్చోలేదు. భండారు పత్తి ఆ ముందురోజే వచ్చి ఉంది. "ఒంట్లో బాగులేదా?" అని అమ్మ అడిగితే "బాగానే ఉన్నాది" అంది. రెండో రోజూ అరుగు మీద కాళ్ళు చాపుకుని చుట్ట తాగుతూ కూర్చుంది. మా ఇంట్లో పొద్దున లేస్తే రాట్నం గుయ్యిమనే చప్పుడే ఉండేది. అది ఆగిపోతే ఇంట్లో ఎవరో ఊరెళ్ళినట్టుంది. మూడో రోజు అయ్య మగ్గం దగ్గర చుట్టి ఉన్న నూలు అయిపోయింది. గుంటలోంచి బయటికొచ్చి, మామ్మ ముందు నిలబడ్డాడు.

"ఏటే అమ్మా, ఏటి నీ గొడవ?"

"సీకాకులంలో దాని సెయ్యి సూసినాన్రా. ఆ సెయ్యి నాది. నానిచ్చినాను. దాన్ని కట్టీసి ఇంట్లో కూకోబెడితే నా సెయ్యి కట్టీసినట్టే. మరి కట్టీసిన సెయ్యి నూలెలా వడుకుతాది, నువ్వే సెప్పు."

అయ్య పార్వతి పేరెత్తబోయాడు. "పార్వతప్పుడు నాను నోరెత్తనేదు. అది నా తప్పు" అంది మామ్మ. ఆ మాటకి అయ్య తల తిప్పుకున్నాడు. గంజి కుండ వైపు చూస్తూ, "ఎల్లమను" అన్నాడు. నేను మేకు మీంచి సంచి తీసేలోపే వెనకాల రాట్నం గుయ్యిమంది. బడిదాకా పరిగెత్తుకునే వెళ్ళాను. వేసవిలో అమ్మవారి పండగనాడు గుడిలో తెల్లటి సన్నబట్ట కట్టుకున్న అమ్మవారి ముందు నిలబడి, పక్కింటి పాపని చంకన ఎత్తుకుని, ఆ పత్తి నేను ముట్టనందుకు ఎంత నిశ్చింతగా దండం పెట్టుకున్నానో!

డ్రిల్లు టీచరునయ్యాక ఎందరో పిల్లలు నా దగ్గరికొచ్చి "ఒంట్లో బాగులేదు టీచర్" అని నేలచూపులు చూసేవారు. ఇప్పుడు నా మనవరాలు భోజనాల బల్ల దగ్గర, తాత వింటుండగానే, "నాకు పీరియడ్స్ వచ్చాయి, రేపు ఈత లేదు, పరుగు ఉంది" అని పచ్చడి కలుపుకుంటుంది. వినగానే మొదట నాకు ఒళ్ళు ఝల్లుమనేది. ఇప్పుడు హాయిగా ఉంటోంది. దాని చేతికి రాట్నం తెలియదు, రోజుకెన్ని అడుగులు వేసిందో చేతి గడియారం చెప్పాలి, గంటల తరబడి ఫోను మీదికి కొంగలా వంగి కూర్చుంటే వీపు మీద ఒకటి వెయ్యబుద్ధవుతుంది. అయినా ఒకటి ఒప్పుకుంటాను. మేం మోసినంత భయం అది మొయ్యడం లేదు. నాకు అదే చాలు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయ్యాక పాత ఇంటి పైకప్పు మార్పించే పని పడింది. అటక విప్పుతుంటే అమ్మ, నేను కింద నిలబడి సామాను అందుకుంటున్నాం. పాత చాపలు, నూలు తోడే ఆసు తాలూకు విరిగిన కర్రలు, బూజు. నాకు గుర్తొచ్చి, "ఆ యేడు మామ్మ అమ్మవారి దొప్ప ఇక్కడే గదే దాచింది" అన్నాను. అమ్మకి డెబ్భై దాటాయి అప్పటికి. నావైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏ దొప్పే? ఆ నెల ఇంట్లో పత్తేదీ? భండారు పత్తి మీరు సీకాకులమెల్లొచ్చినాక గదా వొచ్చినాది. ఉన్నదే ఒక్క దొప్పడు. నువ్వు వానలో ఎత్తుకొచ్చినావు సూడు, అదే అమ్మోరిది. నీ సంగతి నాకూ తెలుసు, మర్నాడు గెడ్డ కాడ బట్టలు ఉతుకుతుంటే సూసినాను. మీ మామ్మే ఊరుకోమన్నాది."

చేతిలో ఉన్న చాప జారిపోయింది. పొందూరు పత్తి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, తన రాట్నం మీదే దొంగ ఒట్టు వేసిందన్నమాట. మడి దొప్పకి మైల తగిలిందని తెలిసీ, ఆ పత్తినే వడికి, ఆ నూలే కొడుకు చేత నేయించి, తన చేతులతో తీసుకెళ్ళి అమ్మవారికి కట్టబెట్టింది. ఆవిడ ఎంత భయపడిందో, అసలు భయపడిందో లేదో నాకెప్పటికీ తెలియదు. పక్కింటి పాపకి ఇప్పుడు మనవలు. ఆ యేడు అమ్మవారు కట్టుకున్నది నేను ముట్టిన పత్తే. ఆ తల్లి ఏమీ అనలేదు. నేనే, ఆ నాలుగు రోజులూ, ఊరికే భయపడ్డాను.